వెంట్రుకవాసి ఇవతల

పదకొండున్నరకి బారోన్ కొండ మెట్ల మీద
మోకాళ్ల సందున ట్రైపాడ్ బిగించుకుని కూర్చున్నాను.
కింద వల్పరాయిసో రేవు,
తారు డబ్బా మూత తీసినట్టు నీళ్లు.
లెన్సుకి చూపు ఆనడం లేదు.
ముందుకి జరుగుతుంది, వెనక్కి జరుగుతుంది,
కళ్లజోడు పోగొట్టుకున్న మనిషి
మంచం కింద తడుముకున్నట్టు
గుర్రుగుర్రుమని వెతికి
ఏదీ దొరక్క ఆగిపోతుంది.

"దాని మానాన వదిలేస్తే తెల్లారుతుంది.
చేత్తో తిప్పు" అన్నాడు నాన్న.
ఆయనకి కెమెరా పట్టుకోవడం రాదు.
దూరాలు తెలుసు.

ఇరవై ఆరు డిసెంబరు ముప్ఫై ఒకట్లు
బార్జి మీద, ఇసుకలో పాతిన గొట్టాల మధ్య
వంగి వంగి నిప్పు ముట్టించిన మనిషి.
ఊరంతా తల ఎత్తే వేళ
తల ఎత్తకూడదన్నది అక్కడ మొదటి నియమం.
ఎడమ చెవి అక్కడే వదిలేశాడు,
కుడిచెవిలో సగం.
ఎలా ఉంటాయి నాన్నా అని అడిగితే
గంధకం వాసనలా ఉంటాయనేవాడు,
మెడ మీద రాలే వేడి బూడిదలా ఉంటాయనేవాడు.
రంగుల సంగతి మీ అమ్మనడుగు, అనేవాడు.

డాక్టరు వద్దన్నాక, ఈ ఏడే,
మొదటిసారి కొండ మీద.
కాగితం పొట్లంలో పన్నెండు ద్రాక్షపళ్లు.
ఒకటి అప్పుడే తినేశాడు.

"రెండు ఓడల మధ్య ఎర్రదీపం ఉందా?
అదే బార్జి. ఆ దీపం కింద నిబాల్డో.
ఇప్పుడు తీగలతో పేలుస్తారనుకో,
అయినా ఒక మనిషి ఉండాలి.
ఇక్కడికి తొమ్మిది వందల మీటర్లు,
గుండు లేచేది రెండు వందలు.
దీపాన్ని పట్టుకో,
ఆకాశం అదే వస్తుంది."

తెర మీద దీపాన్ని పదింతలు చేశాను.
బూరెలా పొంగి ఉంది.
రింగు తిప్పుతుంటే చిక్కింది, ఇంకా చిక్కింది,
సూదిమొన అయింది.
ఇంకాస్త తిప్పితే మళ్లీ బూరె.
పక్కకి ఒరిగి పడుకున్న ఎనిమిది,
అనంతం గుర్తు,
దాని దాకా పోతే తప్పట.
వెంట్రుకవాసి ఇవతలే ఉంది మన దీపం.
కరెంటు పనివాళ్ల నల్లటేపు
రింగు చుట్టూ రెండు చుట్లు వేశాను.
ఇక ముట్టుకోకూడదు. ఊపిరి కూడా పక్కకి వదలాలి.

పన్నెండు.
ఓడలన్నీ ఒక్కసారి బోరుమన్నాయి.
షట్టరు తెరిచి, లెన్సు ముందు నల్ల అట్టముక్క,
తీస్తున్నా, పెడుతున్నా, తీస్తున్నా,
మెట్ల నిండా జనం, ఎవరిదో సీసా దొర్లుతోంది,
ఎవరో నా భుజం మీద ఏడుస్తున్నారు సంతోషంతో.
నాన్న పైకి చూడడం లేదు.
కమ్మీ పట్టుకుని దీపాన్నే చూస్తూ
పెదాలతో లెక్కపెడుతున్నాడు.

"పదిహేడోది లేవలేదు."

అప్పటికి నేను అట్ట తీసేశాను.
ఆకాశంలో ఏమీ లేదు.
"తొంగిచూడకు నిబాల్డో!"
చెవిటివాళ్లకి మాత్రమే ఉండే గొంతుతో
తొమ్మిది వందల మీటర్ల నీళ్ల మీదికి అరిచాడు.
వెనక కుర్రాళ్లు నవ్వారు.
పదకొండు సెకన్లు.
షట్టరు మూయడానికి వేలు రాలేదు.

పద్దెనిమిదోది లేచింది.
నాన్న మెట్టు మీద కూలబడి
మొదటిసారి తల ఎత్తాడు.
పొడులు కలిపిన గోళ్లతో
ద్రాక్షపండు ఒలుస్తూ అన్నాడు:
"ఓహో. బేరియం అంటే ఇదా.
ఇంత పచ్చగా ఉంటుందా."

నూట నలభై ఫొటోలు వచ్చాయి,
చామంతులు, తాటిచెట్లు, వెండి జడలు,
ఊళ్లో అందరికీ వచ్చినవే నాకూ వచ్చాయి.
అచ్చు వేయించింది ఒక్కటి.
నలుపు. అడుగున మసకగా కమ్మీ,
కమ్మీ మీద పొగలా నాన్న చెయ్యి.
నడుమ ఒక ఎర్రచుక్క.
ఇందులో ఏముంది అంటారు చూసినవాళ్లు.

జనవరి నాలుగున నిబాల్డో వచ్చాడు,
కనుబొమ్మ కాస్త కాలి.
గోడ దగ్గర చాలాసేపు నిలబడి
చుక్క మీద గోరు ఆనించి
"నేను" అన్నాడు.