మైనం తూకందారు

మైనానికి అబద్ధం దాచడం రాదు.
లోపల ఇసుక కలిపి తెచ్చినా
కాల్చిన సూది గుచ్చితే కక్కేస్తుంది.
ఇరవై రెండేళ్ళు ఆ సూదితోనే బతికాను,
నోవ్‌గొరోడ్‌లో, వోల్ఖోవ్ ఒడ్డున,
వర్తకుల చర్చి నేలమాళిగలో.

ఆ చలికాలం రాజుగారి మనిషొకడు వచ్చి
నా తరాజు పక్కనే బల్ల వేసుకున్నాడు.
తూకం సుంకంలో మూడోవంతు ఇకమీదట మాదే అన్నాడు.
చేతులకి కొత్త తొడుగులు. మైనం ముట్టుకోలేదు.
వర్తకులెవరూ కిక్కురుమనలేదు.
దోమాజిర్ అయితే నడుం వంచి దండం కూడా పెట్టాడు.
అప్పుడే అనుకున్నాను, ఈ రాజు పని అయిపోయిందని.

మీకు ఒక సంగతి చెప్పాలి.
దారి చూపించడమంటే మా ఊళ్ళో సాయం కాదు.
టోపీలు తీసి, మర్యాదగా,
"ప్రభూ, మీ దారి అదిగో" అంటాం.
గుర్రాలు మేమే కడతాం. రొట్టె, ఎండుచేప మేమే సర్దుతాం.
మా తాత హయాంలో పదకొండుమందికి చూపించారు.

రాత్రి ఉప్పు బస్తాల మీద కూర్చున్నారు అందరూ.
ఉత్తరాన ఏ అడవిలో ఉడుత పడ్డా
దోమాజిర్ కొట్లోకే రావాలి, అంతటివాడు,
అతనూ గొంతు తగ్గించే మాట్లాడాడు.
అతని అక్క నేజ్కా అసలు మాట్లాడలేదు.
ఇద్దరు మొగుళ్ళనీ, వాళ్ళు తెచ్చిన నష్టాల్నీ
పూడ్చిన మనిషి.
భూర్జ బెరడు మీద ఎముక మొనతో గీస్తూ పోయింది:
చెప్పులు కుట్టేవాళ్ళకి తలా రెండు ఉడుత తోళ్ళు.
వంతెన దగ్గరి త్వెర్ద్యాతకి నాలుగు, గొంతు పెద్దది.
గంట తాడు లాగేవాడికి ఆరు, చీకటితో లేవాలి.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
నేజ్కా ఒక్క రాత్రిలో ఊరి నోళ్ళన్నిటికీ ధర కట్టింది.

తెల్లారి గంట మోగింది.
మా సభలో చేతులు లెక్కపెట్టరు,
ఏ అరుపు పెద్దదో అదే ఊరి మాట.
అరుపుని తూచే రాయి నా దగ్గరా లేదు.
"మా తండ్రుల హక్కు!" అని త్వెర్ద్యాత ఎత్తుకున్నాడు.
మైనం మాట ఎవరూ ఎత్తలేదు.
చెప్పులు కుట్టేవాళ్ళు ఏడ్చారు, మంచులో, మీసాల మీద గడ్డకట్టేలా.
తోళ్ళు తీసుకున్నవాడి కోపం కూడా నిజమే కావచ్చు,
సూది గుచ్చి చూడలేకపోయాను.
నేను అరవలేదు. చలికి రెండుసార్లు దగ్గాను, అంతే.

మధ్యాహ్నానికి మంచుబళ్ళు కదిలాయి.
రాజు చిన్నకొడుకు చివరి బండిలోంచి చెయ్యి ఊపాడు.
మాలో కొందరు తిరిగి ఊపారు.

కొత్త రాజు వచ్చాడు, శిలువ ముద్దుపెట్టుకున్నాడు,
తరాజు జోలికి రానని ఒట్టేశాడు.
పాతవాడు ఊరుకుంటాడా?
దిగువ నుంచి వచ్చే ధాన్యం బళ్ళని తొర్జోక్ దగ్గరే ఆపేశాడు.
వసంతానికి దేవదారు బెరడు దంచి రొట్టెలు కాల్చుకున్నాం.
త్వెర్ద్యాతకి ముందు గొంతు పోయింది, తర్వాత త్వెర్ద్యాతే పోయాడు.
దోమాజిర్ గాదెలో మాత్రం రై గింజలున్నాయి.
రెండు తోళ్ళకి ఒక కుంచం.
అరిచినవాళ్ళ తోళ్ళన్నీ నడుచుకుంటూ నేజ్కా దగ్గరికే వెళ్ళాయి,
ఒక్కటీ తగ్గలేదు.

ఆ బెరడుని కాల్చెయ్యమని నాకే ఇచ్చారు,
పొయ్యి చూసేదీ నేనే కనక.
దీపం దగ్గర పెట్టి చదివాను.
అడుగున, అంచు చిట్లిన చోట:
తూకందారుకి ఐదు, ఊరుకున్నందుకు.

ఐదూ పాత జీతం బాకీ అనుకున్నాను సుమా.
పిల్లకి టోపీ కుట్టించేశాను కూడా.
అరుపు కంటే మూడు ఎక్కువ.

కాల్చలేదు.
వీధిలో పరిచిన దుంగల సందులోంచి
బురదలోకి తొక్కేశాను,
బురదకి చదువు రాదు కదా అని.