చిల్లు దాకా నీళ్లు

పదకొండు రోజులుగా కుళాయి తిప్పితే దగ్గే.
ఈస్టర్న్ కేప్ కొండల కింద, రేకుల ఇళ్ల మా పేటలో
బట్టలుతికి బతికేదాన్ని, థొజామాని.
నీళ్లు లేని చోట నా పనేమిటో మీరే చెప్పండి.

గురువారం ట్యాంకరు వచ్చింది.
సగమే తెచ్చానన్నాడు డ్రైవరు, కిందికి దిగకుండానే.
లైన్లో నూట నలభై బకెట్లు.
నేనే లెక్కపెట్టాను, పొద్దున్నుంచీ వేరే పని లేక.
నలభై నిండకముందే పైపు చుట్టేశాడు.
ఎవరో టైరు దొర్లించుకొచ్చి రోడ్డుకి అడ్డం పడేశారు.
ఎవరో కాదు, నేనే.
నిప్పు మాత్రం నేను పెట్టలేదు.

పోలీసు వ్యాన్లకి పావుగంట పట్టలేదు,
ట్యాంకరుకి పదకొండు రోజులు పట్టిన అదే దారిలో.

టీచరు ఎన్డిలేకా ముందుకెళ్లింది.
వాళ్లలో ఇద్దరికి అక్షరాలు దిద్దించిన మనిషి.
ఖాళీ బకెట్టు గుండెల దగ్గరికెత్తి వంచి చూపించింది.
"చూడు నాయనా, ఇందులో ఏముందో."

రబ్బరు గుండే కదా అంటారు.
బకెట్టు పగలగొట్టుకుని వెళ్లి మోచెయ్యి విరిచింది.
పడ్డాక లాఠీలు.
నాలుగు లెక్కపెట్టాను.
అయిదోది నా వీపు మీద పడింది, లెక్క తప్పింది.

శుక్రవారం రాత్రి తలుపు చప్పుడు.
సఖుమ్జి. ఎదురింటి కుర్రాడు, కానిస్టేబులు.
చేతిలో చొక్కా. కుడిచేతి మడత దగ్గర గోధుమరంగు మరక.
"సోమవారం పెరేడ్ ఉంది పిన్నీ."
రక్తానికి చన్నీళ్లు కావాలి, అదీ చాలా కావాలి.
"నీళ్లేవీ?" అన్నాను.
వెళ్లి రెండు క్యాన్లు తెచ్చాడు.
స్టేషను వెనక బోరుందట. ఎండదట.
గడపకేసి చూస్తూ చెప్పాడు.

ఒక క్యాను మోసుకుని టీచరింటికి వెళ్లాను.
గీరుకుపోయిన చోటల్లా కడిగాను, జుట్టులో ఎండినది నానబెట్టి తీశాను.
టీ పెడితే ఎడంచేత్తో తాగింది.
నీళ్లెక్కడివని అడగలేదు.
రెండో క్యాను వీధికి, గ్లాసు చొప్పున.
సఖుమ్జి వాళ్లమ్మకీ ఒక గ్లాసు.
గురువారం ఆమె కూడా లైన్లోనే ఉంది,
నాకు ఆరు బకెట్ల వెనక.
కొడుక్కి ఇంకా చెప్పలేదట.

సోమవారం తెల్లారకముందే చొక్కా ఇచ్చాను.
బొగ్గుల ఇస్త్రీ. కాలరు కత్తిలా ఉంది.
వేడి తగిలితే రక్తం బట్టని వదలదు,
ఈ సంగతి నాకు తెలుసు.
మరక పైకి వచ్చేలా మడత పెట్టాను.
"పోలేదా పిన్నీ?"
"నీళ్లు చాల్లేదు."
జేబులో చెయ్యి పెట్టాడు. అక్కడే ఉంచేశాడు.

టీచరు బకెట్టు ఇప్పుడు నా దగ్గరుంది.
ట్యాంకరొస్తే దాన్నే పట్టుకెళ్తాను.
చిల్లు దాకా నిండుతుంది.
ఆ పైన ఎంత పట్టినా
రోడ్డు మీదికి, వాళ్లు నిలబడ్డ వైపు పారుతుంది.
బూట్లు తడుస్తాయని
ఒకడు పక్కకి జరిగాడు మొన్న.