మందు లెక్కలు

పంచనామా రాయనీకి పోయిన నేను.
మట్టెవాడల, పిండిగిర్ని వెనక సందుల
కట్టోజు లక్ష్మీరాజం దుకాణం.
లైసెన్సు మార్చితోని సరి.
బోర్డు మీద ‘తుపాకి’ రంగు రాలిపోయి
‘మందులు’ ఒక్కటే మిగిలింది.
జరమొచ్చిన పోరగాండ్లను సంకనేసుకొని
ఇప్పటికీ ఎవరో ఒకరు మెట్లెక్కుతరట.
"నా తాన ఉన్న గోలీ
నీ బిడ్డకు వద్దమ్మా" అని మర్లగొడ్తడట.

అటక మీది నుంచి డబ్బాలు దించిండు,
నిద్రపోతున్నోళ్లను దించినట్టు.

"లేడిబొమ్మది రాయి, సారూ.
నేను మీసం గీసుకోకముందే ఆగిపోయింది.
ఓపిక మందు. మెల్లగ అంటుకొని
పొడుగు గొట్టానికి నచ్చజెప్పి
తూటాను సాగనంపేది.
గీ ఎర్రమూతది ముక్కుమీద కోపం.
దీన్ని తూకమేస్తుంటె
నా ఇంటిది గూడ గాజులు సప్పుడు చేయకపోయేది.
దీనికేమో పేరే లేదు, నంబరే.
బొంబాయికి ఉత్తరం రాస్తె
ఇక చేయం అని ఒక్క ముక్క రాసి పంపిండ్రు.
కింద సంతకం గూడ లేదు."

నా ఫారంల మూడే గడులు:
సరుకు, పరిమాణం, స్థితి.
స్థితి కాడ ‘ఖాళీ’ అని రాస్తుంటె
మూత తీసి ముక్కుకాడికి తెచ్చుకున్నడు.
"ఖాళీ ఏడుంది?" అన్నడు.

తక్కెడ కంసాలిది, తాతనాటిది.
రాళ్ల బదులు గురిగింజలు.
పక్కన లెక్కల పుస్తకం,
అట్ట మీద పసుపు మరక.
ఒక్కో పేజీకి ఒక్కో బందూకు, దాని మనిషి.
‘తాడ్వాయి పటేలు. చెయ్యి వణుకుతది, తక్కువ పొయ్యి.’
‘ఖుర్షీద్ చాచా. కుడికన్ను మసక. ఛర్రాలు సన్నయి.’
పాకాల దిక్కు వేట బందైన ఏడు
సగం పుస్తకం తెల్లగున్నది.
తర్వాత మక్కచేన్లు, అడవిపందులు,
ఎలక్షన్లప్పుడల్లా ఠాణాల పండి
తుప్పుతోని వాపసొచ్చిన తుపాకులు.
నడుమ పదకొండు పేజీలు చింపి ఉన్నయి.
రాత్రుల్ల రెండు దిక్కుల మనుషులు
తలుపు కొట్టిన కాలం అది.
నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.
గిర్ని మాత్రం నడుస్తనే ఉంది.

"గీ లెక్కలతోనే కొత్త మందు పోసుకోరాదా?"
ఏదో మాట కలుపుదామని అన్న.

నవ్వలేదు.
"మా తమ్ముడు సోమేశం గట్లనే అనుకున్నడు.
లేడిబొమ్మ లెక్క, కొత్త డబ్బా.
తుపాకి పువ్వులెక్క విచ్చుకుంది.
రెండేండ్లు పత్తి మార్కెట్ల
మూడు వేళ్లతోని చిట్టీలు రాసిండు.
లెక్క తప్పుగాదు, సారూ.
ఆ లెక్కకు సరిపోయే మందే లేదు."

మా నాయిన మాటలు యాదికొచ్చినయి.
ఎవలతోని ఎంత మాట్లాడాలె,
ఎంత కోపం లోపలే ఉంచుకోవాలె, అన్నీ
సోలలు, గిద్దెలలో చెప్పి పోయిండు.
నేను తూచా తప్పకుండ కొల్చి పోసిన
మొన్న నా కొడుకు మీద.
తలుపు ఇంకా తెరవలేదు వాడు.

ఆఖరు డబ్బా బరువున్నది.
నా గుండె ఆగింది. కానిస్టేబులు రెండడుగులు వెనక్కి జరిగిండు.
లోపటి నుంచి అనసూయమ్మ గొంతు:
"గది ముట్టుకోకుండ్రి, అండ్ల జీలకర్ర పోసిన!"

రాసిన:
డబ్బాలు ఆరు. ఖాళీ అయిదు.
ఒకటి జీలకర్ర.
పుస్తకానికి గడి లేదు, రాయలేదు.
ఆయన వేలిముద్ర వేయలేదు,
తెలుగుల నిండుగ సంతకం చేసిండు,
ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నట్టు.

షట్టర్ కిందికి గుంజుతుంటె చూసిన.
తక్కెడల గురిగింజ ఒకటి తీయ మరిచిండు.
పళ్లెం అటే వంగి ఉంది,
ఇటు దిక్కు పోసేందుకు
ఏదన్న తెస్తరని.