చిటికి కట్టిన నూలు

నల్గొండ పెద్ద దవఖానల
పద్నాలుగో నంబరు గది ముంగట బల్ల.
ఒక్క చీటీ మీదనే ఇద్దరి పేర్లు:
గంజి పురుషోత్తం, నలభై ఆరు.
చిలుకూరి అండాలు, నలభై మూడు.

అన్న గోడకు ఆనుకొని కూసున్నడు,
ఒడిల చేతులు వానియి కానట్టు.
నేను మాట్లాడుతనే ఉన్న.
అది రోగమని తెల్వక
మా అత్త పన్నెండేండ్లు దాన్ని నోరు అన్నది.

మా నాయినమ్మ బుచ్చమ్మ
గట్టుప్పల్‌ల మగ్గం గుంతల కాళ్ళు పెట్టి
లేనోళ్ళతోని కూలి లెక్కలు కొట్లాడేదట.
ఊరు పూనకమని పేరు పెట్టింది.
మందు సంగతి ఎవ్వరూ ఎత్తలే.

అన్నకు పందొమ్మిదేండ్లకు వచ్చింది,
చప్పుడు చెయ్యకుంట.
ఇంటర్ పరీక్షల కాయితం తెల్లగ ఇచ్చి ఇంటికొచ్చిండు,
ఆ తెలుపు మళ్ళ వాని ముఖం మీదికెళ్ళి పోలే.
తానం బందు. నవ్వు బందు.
అమ్మ సచ్చిపోయిన్నాడు
బువ్వ అయిందా అని అడిగిండు.

నాకు ముప్పై దాటినంక, చిన్నది పుట్టిన మూడో నెల,
ఉయ్యాల తాడుకెళ్ళి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచిన్రు.
ఎదురింటి దండెం మీద చీరెలన్నీ
నా ముచ్చటే పెట్టుకుంటున్నయి.
ఏడ్చిన, నవ్విన, ఠాణాకు రెండుసార్లు పోయిన.
బాలింత గాలి అన్నరు, మొగుని మీద అనుమానమన్నరు.
అన్నను ఆరు నెలలకే బస్సెక్కిచ్చి పట్నం తీస్కపోయినోళ్ళు
నాకు తాయెత్తు కట్టిన్రు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. కొత్త చెప్పులు కరుస్తున్నయేమో
బల్ల కింద ఇడిసింది.
"ఒక్క ఇంటి విత్తనమే మొగోళ్ళల్ల ఒకతీరు
ఆడోళ్ళల్ల ఒకతీరు మొలుస్తదా అని చూస్తున్నం.
ఇంకా తేలలే."
తేలలే అన్నందుకే నమ్మిన.

చెప్పిన: మా ఇండ్లల్ల నూలుకు
మగ్గమెక్కకముందే చిటికి కడ్తరు మేడం,
సైకిల్ ట్యూబు ముక్కలతోని.
కట్టిన కాడ రంగు అంటదు.
ఏ పువ్వు రావాల్నో నూలుకు ముందే ఎరుక,
నేసేటోనికి ఆఖర్ల ఎరుకైతది.
అదే కట్టు, పడుగుల పోతే నిలువు గీత,
పేకల పోతే అడ్డం గీత.

ఆమె రాసుకున్నది.
ఎందుకు రాస్తున్నవని అడగలే.
ఒకప్పుడైతే గల్ల పట్టి అడుగుదు.

సూది గుచ్చితే అన్న కదలలే.
నేను గుచ్చకముందే కేకేసిన.
రెండు సీసాలు పక్కపక్కన పెట్టిన్రు,
ఏది ఎవరిదో చీటీ చూస్తేనే తెలుస్తది.

నాయిన పోయినప్పుడు ఇల్లు అన్నకు, మగ్గాలు అన్నకు,
చండూరు రోడ్డు మీది నాలుగు గుంటలు అన్నకు.
ఆడపిల్లకు వాటా ఏందన్నరు పెద్దమనుషులు.
బుచ్చమ్మ మాత్రం ఇద్దరికి సమానంగ రాసింది.
ఇగో సంతకం,
ఈ మోచేతి మడతల, దూది కింద.

తిరుగు బస్సుల, మునుగోడు దాటినంక,
ఎన్నడూ ఏదీ అడగనోడు అడిగిండు:
"నిన్ను ఇంకా పిలుస్తున్నరా?"
గోలీలు మింగుతున్న కదా, తక్కువైందన్న.
కిటికీల చాలాసేపు చూసిండు.
"నన్నెవరూ పిలవలే చెల్లె,
ఒక్కసారి గూడ."