యాభై ఓములు

రిచీ స్ట్రీట్‌లో కాజా భాయ్ కొట్టుకి
ఫోన్ చేశాడు చెంగల్రాయుడు.
కొరుక్కుపేటలో సందు చివర టీకొట్టు ఆయనది.
"బాయిలరు చెడిందమ్మాయ్. పొద్దున బానే మరుగుద్ది,
సాయంత్రం మాత్రం మొండికేస్తది."

భాయ్ ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి
గొంతు తగ్గించి అన్నాడు:
"ఎలిమెంటు మార్చెయ్. తొమ్మిదొందలు."

మర్నాడు సూళ్లూరుపేట లోకల్లో వచ్చి
కొరుక్కుపేటలోనే దిగేశాను.
సంచిలో టిఫిన్ డబ్బా, దాని కింద క్లాంప్ మీటరు.

ఉదయం ఏడు. రెండు వందల ముప్ఫై వోల్టులు.
తీగని నోట కరుచుకున్న క్లాంపు
కాసేపు తడబడి, నాలుగు పాయింట్ ఆరు దగ్గర ఆగింది.

నిన్నటి రైలు టిక్కెట్టు వెనక త్రికోణం గీశాను.
పైన వి, కింద ఐ, దాని పక్కన ఆర్.
పదో తరగతిలో ఇజ్రాయేలు సారు చెప్పింది ఇంతే:
"నీకేది కావాలో దాన్ని బొటనవేలితో మూసెయ్.
మిగిలినవే చెబుతాయి."
ఆయన బోర్డు మీద నిరోధం అని రాయగానే
వెనక బెంచీలో మగపిల్లలు కిసుక్కుమన్నారు.
ఆస్పత్రి గోడమీది కుటుంబ నియంత్రణ ప్రకటన పుణ్యం.
మేం తలలు వంచుకున్నాం.
బోర్డు మీద మిగిలిన సగం లెక్క
నేను చూడనే లేదు.

ఇరవై ఏళ్ల తరవాత ఇక్కడ, టీ మరకల బల్లమీద
వేలు పెట్టి మూశాను.
యాభై.
రెంటినీ హెచ్చవేస్తే వెయ్యిన్నీ యాభై ఎనిమిది వాట్లు.
నీళ్లు కుతకుతలాడుతున్నాయి. జబ్బేం లేదు.

చీకటి పడ్డాక మళ్లీ వెళ్లాను,
మేడల మీద ఏసీలన్నీ గురక మొదలెట్టే వేళకి.
ఆ సందుకి అదే చివరి స్తంభం,
అందరూ తాగగా మిగిలిందే దాని వాటా.
నూట తొంభై.
క్లాంపులో మూడు పాయింట్ ఎనిమిది.
వేలు పెట్టాను.
మళ్లీ యాభయ్యే!

మూడుసార్లు చేశాను ఆ లెక్క.
నమ్మకం లేక కాదు, ఇష్టంగా ఉండి.

వాట్లు మాత్రం ఏడు వందల ఇరవై రెండు.
"తగ్గింది నలభై వోల్టులే గదా,
మూడోవంతు బలం ఎట్టా పోయింది?" అన్నాడు చెంగల్రాయుడు.
వోల్టు తగ్గితే దాంతోపాటు ఆంపియరూ తగ్గుద్ది పెదనాయనా,
రెండు దెబ్బలూ వాటు వీపునే పడతాయి.
రోజుకూలీ కోసి, పనిదినాలు కూడా కోసినట్టు.

ఒకప్పటి మిల్లు మనిషి. ఇంక చెప్పనక్కర్లేకపోయింది.

"మరి ఆ నలభై ఎవరు తినింది?"
దారి తినింది.
స్తంభం నించి స్తంభానికి వేలాడే పాత తీగకి
దాని నిరోధం దానికుంది.
అందరూ లాగే కొద్దీ దాని ఆకలి పెరుగుద్ది.

కాజా భాయ్‌కి చెప్పాను, ఎలిమెంటు మంచిదేనని.
ఆయన టంకం పొగ వైపు చూస్తూ
"ఆ తొమ్మిదొందల లెక్క కూడా వేసుకో" అన్నాడు.
నేను వెయ్యలేదు. నెలాఖరున ఆయనే వేశాడు.

చెంగల్రాయుడు నా టిక్కెట్టు పట్టుకుని
ఈబీ ఆఫీసుకి పోయాడట.
గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి
"ఇది రైలు టిక్కెట్టు, డేటు కూడా అయిపోయింది" అన్నాడట.

ఇప్పుడాయన ఏసీలు లేవకముందే,
నాలుగింటికే బాయిలరు నింపి మరగబెడతాడు.
టిక్కెట్టు గల్లాపెట్టె పైన గోడకి అంటించాడు.
నాకు టీ పోస్తూ దానివైపు గడ్డం ఎత్తుతాడు.
సిరా కాస్త అలుక్కుపోయింది.
త్రికోణంలో ఆర్ ఉండాల్సిన చోట
నా బొటనవేలి మరక.