ఆరు నిమిషాలు

పొద్దున ఆరు కాకముందే
నా చేతుల్లో రెండు ఫోన్లు, చెవి వెనక పెన్సిలు.
బెజవాడ బస్టాండు కంట్రోల్ గదిలో
ఫ్యాను తిరిగినంతసేపూ చార్టు ఎగిరిపోవాలని చూస్తుంది.
దాని మీద నిన్నటి టీ గ్లాసు పెడతాను.

చార్టులో అన్నీ ఉన్నాయి.
బండి నంబరు, డ్రైవరు పేరు, పోసిన డీజిలు,
మంగళగిరిలో ఆగే నిమిషం, కృష్ణ దాటే నిమిషం.
నేల మీంచి మొదటి మెట్టు ఎక్కడానికి పట్టే కాలానికి మాత్రం
గడి గీయలేదు ఎవరూ.

ఆ మెట్టుని ఒకరోజు కొలిచాను,
జాకెట్లు కుట్టే టేపుతో, ఎవరూ చూడకుండా.
పదిహేనున్నర అంగుళాలు.
నాకైతే చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుంటే సరి.
సువార్తమ్మకి అది కొండపల్లి ఖిల్లా.

షుగరు ఆమె కుడికాలు తీసుకుంది.
వారానికి రెండుసార్లు మంగళగిరి నుంచి వస్తుంది
రక్తం కడిగించుకోడానికి.
గుంటూరు బండి ఆమెని దింపేది ఎనిమిదీ పదికి.
ఆసుపత్రికి పోయే సిటీ బస్సు కదిలేది ఎనిమిదీ నాలుక్కి.
గుంటూరు డిపోకి ఫోన్ చేస్తే:
మా బండి టైముకే వచ్చింది మేడమ్.
సిటీ డిపోకి ఫోన్ చేస్తే:
మా బండి టైముకే పోయింది మేడమ్.
ఇద్దరూ నిజమే చెప్తారు.
ఆ రెండు నిజాల మధ్య సిమెంటు బల్ల మీద
సువార్తమ్మ, ఒక చంకకర్ర, ఒక స్టీలు డబ్బా.

ఇంకొకతను నాగుల్‌మీరా,
గుంటూరు లాలాపేటలో వాచీలు బాగుచేస్తాడు.
కాళ్ళని పోలియో తినేసింది గానీ
వెంట్రుకంత స్ప్రింగుని వేళ్ళతో మచ్చిక చేస్తాడు.
సామాను కొనడానికి వన్‌టౌనుకి వచ్చిన ప్రతి బుధవారం
చక్రాల కుర్చీలోంచి నా కిటికీ వైపు చూసి నవ్వుతాడు:
"గడియారాన్ని ఆరు నిమిషాలు వెనక్కి తిప్పడం
నాకు చిటికెలో పని మేడమ్.
మీ డిపోలకెందుకు ఇంత కష్టం?"

సింధూరి కాలేజీ పిల్ల. చూపు లేదు.
ఇంజను దగ్గుని బట్టి చెప్పేది, ఇది ఏలూరు రోడ్డు బండి, ఇది ఆటోనగర్‌ది అని.
కొత్త బండ్లు వచ్చాయి. దగ్గవు.
దొంగల్లా వచ్చి దొంగల్లా పోతున్నాయి అంటుంది.
అందుకని ఆ పిల్ల కోసం నేనే మైకులో దగ్గుతాను.

ఆటోనగర్‌లో ఒక వెల్డరు
లారీ బాడీలకి కోయగా మిగిలిన రేకుతో
మడిచే వాలుపలక చేసిచ్చాడు, డబ్బు ముట్టలేదు.
ఎంత బాగుందో!
కాకపోతే పలక పన్నెండో ప్లాట్‌ఫారంలో ఉన్నప్పుడు
బండి ఎప్పుడూ ముప్పై ఒకటిలో ఉంటుంది.

అందుకే ఫోన్లు.
"ఏసోబూ, కాస్త ఆపు."
"లోపల నలభైమంది అరుస్తున్నారు మేడమ్."
"అరవనీ. వాళ్ళకి గొంతులున్నాయి."
"పైవాళ్ళు నన్నడుగుతారు."
"నా పేరు చెప్పు."

చెప్పాడు.

మొన్న సోమవారం నా ఫోన్ చచ్చిపోయింది.
రాత్రి ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయాను, అంతే.
సువార్తమ్మ ఆటోకి మూడొందలు ఇచ్చిందట.
మర్నాడు నన్నేమీ అనలేదు.
ఏదో ఒకటి అన్నా బాగుండేది.

అదే వారం మెమో వచ్చింది.
సిటీ సర్వీసు పదకొండుసార్లు, ఆరేసి నిమిషాలు,
మీ మౌఖిక ఆదేశం మీద ఆలస్యమైనది,
కారణము తెలుపవలెను.
జవాబుకి రెండు లైన్ల చోటిచ్చారు.

రెండు రోజులు ఆలోచించాను.
నియమాలు తిరగేశాను, చెడిపోయిన కాగితాలు నాలుగు.
చివరికి ఒక్క లైనే పట్టింది:
మెట్టు ఎత్తుగా ఉంది.

ఇంకా ఏ కబురూ లేదు.
నెల మారితే కొత్త చార్టు వస్తుంది, మళ్ళీ గడి ఉండదు.
స్కేలు దొరక్క టికెట్ పుస్తకం అంచు పెట్టి
మళ్ళీ పెన్సిలుతో గీస్తాను, కొంచెం వంకరగా.

సింధూరి కిటికీ దగ్గరికొచ్చి అడుగుతుంది,
బండి వచ్చిందా అని.
రాలేదమ్మా,
వస్తే మటుకు ఆగుతుంది.