చిల్లర ఆదాయం

ఆడిటింగ్ పేపరొక్కటే తప్పిన బీకాం నాది.
అది తెలిసే నన్ను కోశాధికారిని చేసిండ్రు
సోహార్‌ల, ఫలజ్ అల్ ఖబాయిల్ క్యాంపుల,
పప్పుచారు వాసన పోని మెస్సు బల్ల మీద.

ఇది మూడో ఏడు.
డిసెంబరు ఆఖరి శుక్కురారం, జుమ్మా అయినంక
అరవై ముగ్గురి ముంగట లెక్క జదవాలె.
మనిషికి నెలకొక రియాలు.
ఇయ్యని నెలలు గూడ రాసిన,
జీతం పడని నెలకు ఎర్రసిరా ఎందుకని
పెన్సిల్‌తోని.

మన దగ్గర పైసా సచ్చి ఏండ్లయింది.
ఇక్కడ బైసా అని పేరు మార్చుకొని
చుక్క అవతల మూడు గదులల్ల అద్దెకుంటున్నది.
జిరాక్సులకు యాభై బైసలు.
ఆసుపత్రి టాక్సీకి మూడు రియాళ్ల ఐదువందలు.
పెట్టె ఖర్చు...
ఆ వరుసకాడ ప్రతిసారి ఆగుత.
మొగిలి ఐదడుగుల నాలుగంగుళాలు. పెట్టె ఆరున్నర.
ఖాళీ జాగకు ధర తగ్గియ్యరా అని
మార్చిల ఎవరో అడిగిండ్రు. ఎవరూ నవ్వలే.
రసీదు జతచేసిన.

నిన్న రాత్రి కూడిక కుదరలే.
తక్కువ పడితే భయం లేకుండె,
తక్కువకు నా జేబున్నది.
ఎక్కువొచ్చింది.
ఇరవై నాలుగు, చుక్క, సున్నా సున్నా సున్నా.
కంపెనీ బస్సు కోసం గోడకానుకొని
కూసున్న ముగ్గురి తీరు మూడు సున్నాలు.
మీదికెల్లి కిందికి, కిందికెల్లి మీదికి కూడిన.
ఫోన్ల కూడిన, ఏళ్ల మీద కూడిన.
నెలకు రెండు, పన్నెండు నెలలు.
తలుపుకు గొలుసేసిన బిస్కట్ డబ్బల
ఎవరో నెలనెలా రెండు రియాళ్లు ఎక్కువేస్తున్నరు,
నేను నెలనెలా
నాదే తప్పులెక్క అనుకుంటున్న.

ఆడిటరు మా వంటాయన, లింబాద్రన్న.
సదువు రాదు. కాని క్యాంపుల
ఎవ్వలికీ బాకీ లేనోడు ఆయనొక్కడే,
అందుకే చేతులెత్తి ఎన్నుకున్నరు.
అంకెల దిక్కు సూడడు, నోట్ల దిక్కు సూస్తడు.
డబ్బ బోర్లిచ్చి, మడతలు సాపుజేసి
ఒక నోటును ముక్కుకాడికి తీస్కపోయిండు.
మాట్లాడకుండ నాకిచ్చిండు.

మంచుగడ్డ. ఉప్పు. పొలుసు.
తెల్లారగట్ల చేపల సూక్ వాసన.

పోశెట్టి.
ఏజెంటు మిత్తికని నూట ఇరవై తీసుకున్నడు.
కంపెనీ ఇడిసి ఖల్లివెల్లి అయినంక
పోయినేటి నివేదికల నేనే రాసిన:
రాని బాకీ, కొట్టివేయడమైనది.
ముత్యాల్లాంటి అక్షరాలు. చప్పట్లు గూడ కొట్టిండ్రు.
గురువారం గురువారం లింబాద్రన్న
ఎవని బండకాడ చేపలు కొంటడో
నాకిప్పుడు తెలిసింది.

కొట్టేసిన బాకీ తిరిగొస్తే
పేరుతోని రాయాలె, అది పద్ధతి.
రాసిన కాయిదం గోడకంటిస్తం.
గోడ ముంగట ఫోన్లు పట్టుకొని నిలబడ్తరు.
"ఏం జేద్దామన్నా?"
ఉల్లిపొట్టు దులుపుకొని లేసిండు.
"కూరల ఉప్పెంత పడ్డదో చెప్త.
ఎవలేసిండ్రో చెప్ప."

శుక్కురారం నిలబడి చదివిన.
చిల్లర ఆదాయం, ఇరవై నాలుగు రియాళ్లు.
ఎనుక బెంచి మీదికెల్లి ఒక పిలగాడు లేసిండు:
"ఇరవై నాలుగు చిల్లరనా?
నా ఆరు దినాల కూలది. యాడికెల్లి వచ్చినయి?"
గొంతు పొడారిపోయింది నాకు.
లింబాద్రన్న కూసున్న కాడికెల్లే అన్నడు:
"పాత నూనె డబ్బలమ్మిన."

ఎవ్వలికీ బాకీ లేని మనిషి
ఆ పూట నిజానికొక బాకీ పడ్డడు.
ఆఖరి పేజీ కింద ఏలిముద్ర ఏసిండు.
సిరా ఇంకకముందే పసుపంటింది.

రాత్రి నా సొంత నోటుబుక్కుల పెన్సిల్‌తోని రాసుకున్న:
నూట ఇరవైల ఇరవై నాలుగు పోను
తొంభై ఆరు.
గిట్లనే వస్తే ఇంక నాలుగేండ్లు.
నా వీసా రెండేండ్లే.
నా తర్వాత వచ్చే కోశాధికారికి
ఈ పేజీ చింపి ఇయ్యాల్నా,
ఊకె
వాసన సూడుమనాల్నా.